పెట్టె సౌండు తగ్గించమన్నారు పెద్దలు: చర్చికి ఏ మోడలర్ తీసుకోవాలి?

కాపో_మూడు
గురువారం, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లె. సంఘం 120 మంది దాకా ఉంటాం. స్లాబు హాలు, 30 అడుగులకి 45. కింద టైల్స్, గోడలకి కూడా ఛాతీ ఎత్తు దాకా టైల్సే. చప్పట్లు కొడితే ఇంకో చప్పట తిరిగి వస్తుంది.

నాలుగేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నా. ఆంప్ (గిటార్ సౌండు పెంచి వినిపించే స్పీకరు పెట్టె) వాక్స్ ఏసీ15, మా మేనమామ కొడుకు హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఇప్పించాడు. పులిపీఠం (పాస్టర్ గారు వాక్యం చెప్పే బల్ల) పక్కన నేల మీదే పెడతా. ప్రాణం పెట్టి కొనుక్కున్నది. పోయిన ఆదివారం కమిటీ పెద్దలు పిలిచి, "బాబూ, ఆ పెట్టె సౌండన్నా తగ్గించు, లేకపోతే పెట్టెన్నా తీసెయ్" అన్నారు. ముందు వరసలో కూర్చునే మామ్మగారు ఒకావిడ నేను గిటార్ భుజానికి తగిలించుకోగానే చెంగు చెవులకి చుట్టుకుంటున్నారంట. నిజంగానే నాకు తెలీదు, ఎందుకంటే నాకు నా గిటార్ సరిగ్గా వినపడదు! అందుకే కదా వాల్యూమ్ పెంచుతున్నా.

సరే, మోడలర్ (ఆంపుల సౌండుని అనుకరించే డిజిటల్ డబ్బా) తీసుకుని మిక్సర్‌లోకి నేరుగా ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నా. బడ్జెట్ 25 వేలు. వారం నుంచి వీడియోలు చూసి చూసి బుర్ర వాచిపోయింది. క్వాడ్ కార్టెక్స్ నా జీతానికి అందదు. హెచ్‌ఎక్స్ స్టాంప్ మనసులో ఉంది కానీ బడ్జెట్‌కి మూడింతలు ఉండేలా ఉంది. మిగిలినవి వాలెటన్ జీపీ-200, నక్స్ ఎంజీ-30, టోనెక్స్ వన్, సెకండ్ హ్యాండ్ బాస్ జీటీ-1. వీటిలో ఆరాధనకి ఏది బాగుంటుంది? వాడినవాళ్లు చెప్పండి, వీడియోలు చూసినవాళ్లు వద్దు, అవి నేనూ చూశా.

సౌండ్_బాబాయ్
గురువారం, రాత్రి 9:50

వందనాలు అబ్బాయ్. రాజమండ్రిలో ఇరవై ఏళ్లుగా షామియానా సౌండు, చర్చి సౌండు రెండూ చూస్తున్నానండి. గిటార్ వాయించడం రాదు. అందుకే నీ ప్రశ్నకి జవాబు చెప్పను, ముందు నేనే నాలుగు అడుగుతా.

మీ సంఘం కుర్చీల్లో కూర్చుంటారా, కింద చాపల మీదా? డ్రమ్సా, ప్యాడా? పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ వినపడేలా వెనక్కి తిప్పి పెట్టిన స్పీకరు ఏదైనా ఉందా? మిక్సర్ దగ్గర ఎవరు కూర్చుంటారు?

కాపో_మూడు
గురువారం, రాత్రి 10:05

కిందే బాబాయ్, కార్పెట్ మీద. ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు. వెనక పెద్దవాళ్లకి పది కుర్చీలు. డ్రమ్స్ లేవు, రోలాండ్ ఆక్టాప్యాడ్, కీబోర్డ్, ఒక డోలక్. అన్నీ మిక్సర్‌లోకే. మీరడిగిన వెనక్కి తిప్పిన స్పీకరు, అదే మానిటర్, లేదు. రెండు స్పీకర్లు ముందు గోడకి బిగించి ఉన్నాయి, అవి జనం వైపు చూస్తాయి, మేం వాటి వెనక నిలబడతాం. మిక్సర్ దగ్గర ఇంటర్ చదివే కుర్రాడు, లైవ్ ప్రసారం చేసే ఫోన్ కూడా వాడే చూసుకుంటాడు.

వాల్వ్_వీరుడు
గురువారం, రాత్రి 11:20

తమ్ముడూ తొందరపడకు. ఏసీ15 అమ్మి ప్లాస్టిక్ డబ్బా కొన్నవాళ్లు ఏడాది తిరిగేసరికి మళ్లీ ఏసీ15 వెతుక్కోవడం నా కళ్లతో చూశా. ఆంప్ లోపలి ఈఎల్84 వాల్వులు (గాజు గొట్టాలు) వేడెక్కి, స్పీకరు గాలిని నెట్టి, ఆ గాలి నీ ప్యాంటు కాలికి తగలడం అనేది ఏ చిప్పూ ఇవ్వదు. ఆరాధనలో ఆ మెరిసే క్లీన్ (గరగర లేని) టోన్‌కి పుట్టిల్లు వాక్స్.

ఆంప్‌ని నేల మీద నుంచి తీసి కుర్చీ మీద పెట్టు, వెనక్కి వాల్చి నీ మొహం వైపు తిప్పు. లేదా ఆంప్‌కీ స్పీకరుకీ మధ్య పెట్టే అటెన్యుయేటర్ కొను, 15 వాట్లని 1 వాట్‌కి దించుతుంది. సమస్య అయిపోయింది. ఖర్చు తక్కువ, పశ్చాత్తాపం ఉండదు.

సౌండ్_బాబాయ్
శుక్రవారం, ఉదయం 6:30

వీరుడు గారు సగం సరిగ్గా చెప్పారండి, ఆ సగం ఏంటో ముందు చెప్తా.

కాపో అబ్బాయ్, 12 అంగుళాల గిటార్ స్పీకరు పదునైన శబ్దాన్ని టార్చిలైటులా సూటిగా వేస్తుంది. పక్కకి జరిగితే ఆ పదును ఉండదు. నీ ఆంప్ నేల మీద ఉంది. నువ్వు నిలబడ్డావ్, సౌండు నీ పిక్కలకి కొడుతోంది. నీ సంఘం నేల మీద కూర్చుంది, వాళ్ల చెవులు సరిగ్గా ఆ స్పీకరు ఎత్తులో ఉన్నాయి. నీకు వినపడక నువ్వు పెంచడం, మామ్మగారు చెంగు చుట్టుకోవడం, రెండూ ఒక్కటే కారణం. విదేశాల వీడియోల్లో జనం నిలబడి ఉంటారు, లేదా వేదిక మూడడుగుల ఎత్తున ఉంటుంది. మనది అలా కాదు కదా. వాల్చి పెట్టమన్నది అందుకే మంచి మాట.

మిగతా సగానికి వస్తే, 1 వాట్ అంటే చిన్నదనుకోకండి. ఆ ఆంపుల్లో వేసే స్పీకర్లు ఒక్క వాట్‌కే ఒక మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ ఇస్తాయి. 15 వాట్ల నుంచి 1 వాట్‌కి దిగితే తగ్గేది 12 డెసిబెల్స్. చెవికి సుమారు సగం అయినట్టు అనిపిస్తుంది, అంతే. 30 వాట్లది మాని 15 వాట్లది కొంటే తగ్గేది 3 డెసిబెల్సే. 30కి 45 టైల్స్ హాల్లో, ప్యాడూ కీబోర్డూ స్పీకర్లో నుంచి వస్తుంటే, నేను ఫేడరు (మిక్సర్ మీద సౌండు జరిపే మీట) దించినా దిగనిది నీ ఆంప్ ఒక్కటే. దానికి నా దగ్గర తాళం చెవి లేదు.

ఓరుగల్లు_తీగ
శుక్రవారం, మధ్యాహ్నం 1:15

వందనాలన్నా. వాడినోళ్లే చెప్పమన్నవ్ గదా, నేను మూడేండ్ల సంది హెచ్‌ఎక్స్ స్టాంప్ వాడుతున్న. మస్తుగుంటది. 2018ల వచ్చిన డబ్బా అది, మొదట్ల ఆరు బ్లాకులే (ఒక్కో ఎఫెక్ట్‌కు ఒక్కో బ్లాకు) ఉండె, తర్వాత అప్‌డేట్‌తోని ఎనిమిది చేసిండ్రు. కాని నిజం చెప్పాల్నంటే ఆ ఎనిమిదిల నేను వాడేది నాలుగు: కంప్రెసర్ (ఎక్కువ తక్కువ సౌండ్ సమానం జేసేది), ఆంప్‌తో పాటు క్యాబ్ (స్పీకర్ పెట్టె నకలు), డిలే (వాయించింది మళ్ల తిరిగొచ్చేది), ఒక డ్రైవ్ (గరగర సౌండ్). రివర్బ్ (పెద్ద హాలు మోగినట్టు జేసేది) ఎప్పుడో తీసేసిన. ఎందుకో చెప్త.

మెదక్ చర్చిల ఆరాధనకు కూసున్నోళ్లకు ఎరుకే. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన రాతి కట్టడం, గంత ఎత్తు పైకప్పు. మాట ఆగినంక గూడ సప్పుడు తిరుగుతనే ఉంటది. మీ హాలు అంత పెద్దది కాదు గాని టైల్స్ అదే పని జేస్తయ్. హాలే రివర్బ్ పెడుతుంటే నీ డబ్బాల ఇంకో రివర్బ్ ఎందుకన్నా? సక్కెర పాకంల సక్కెర కలిపినట్టు.

స్టాంప్ కష్టాలు గూడ రాస్త. దానికి ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ (మైకు వైరు పెట్టే మూడు పిన్నులది) లేదు, జాకులే. మిక్సర్ దూరముంటే డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్ మైకు వైరుకు సరిపోయేటట్టు మార్చే చిన్న డబ్బా) కావాలె. మామూలు పెడల్ పవర్ సప్లైతోని నడవది, కరెంట్ ఎక్కువ గుంజుతది, దానితోని వచ్చిన అడాప్టరే పెట్టాలె. ఒకసారి నేను అడాప్టర్ ఇంట్ల మర్చిపోయి ఆదివారం మొత్తం అకూస్టిక్ వాయించిన.

నీ లిస్టుల ఉన్నవన్నీ పనికొచ్చేటివే. టోనెక్స్ వన్ ఒక్కటి వేరే రకం. మిగతావి ఆంప్ సర్క్యూట్ ఎట్ల నడుస్తదో లెక్కగట్టి తయారు చేసినయ్. టోనెక్స్, కెంపర్, క్వాడ్ కార్టెక్స్ అసలు ఆంప్‌కు పరీక్ష సిగ్నల్ పంపి, అది ఎట్ల పలికిందో నేర్చుకుంటయ్. గంటే ఒక ఫొటో అన్నట్టు. ఆ నాబ్‌లు ఆ రోజు ఎక్కడున్నయో ఆడి సౌండ్ అచ్చం వస్తది. నీ ఏసీ15నే ఫొటో తీసి జేబుల పెట్టుకోవచ్చు. కాని డిలే, తొక్కనీకి స్విచ్చులు కావాల్నంటే మొత్తం సెట్ ఉన్న డబ్బా సుఖం.

బాపట్ల_బేస్
శుక్రవారం, సాయంత్రం 4:40

తమ్ముడూ, నేను బేస్ వాయిస్తాను, ఆరేళ్లుగా మా చర్చిలో ఆంప్ లేకుండానే. అందరూ నీకు డబ్బా చెప్తున్నారు, నేను చెవి సంగతి చెప్తాను.

మొదటి నెల ఏడుపొచ్చింది. డీఐ పెట్టి మిక్సర్‌లోకి ఇచ్చేశాం, బాగుందన్నారు అందరూ. నాకు మాత్రం ఏమీ వినపడలేదు. స్పీకర్ల వెనక నిలబడి, గోడకి తగిలి తిరిగొచ్చే బేస్ విని వాయించేదాన్ని. అది ఆలస్యంగా వస్తుంది కదా, నేను దాన్ని పట్టుకుని ఇంకా వెనకబడేదాన్ని. ప్యాడ్ తమ్ముడు కళ్లురిమేవాడు.

నీ సమస్య కూడా మొదటి పోస్టులోనే రాశావు, "నాకు నా గిటార్ వినపడదు" అని. ఆంప్ తీసేస్తే ఆ వినపడే కాస్త కూడా పోతుంది. 25 వేలూ మోడలర్ మీద పెట్టకు. మీ మిక్సర్‌లో ఆక్స్ అవుట్ (వాయించేవాళ్ల కోసం సౌండు వేరేగా బయటికి తీసేది) ఉందో లేదో చూడు. ఉంటే దాన్నుంచి బెహ్రింగర్ హెచ్‌ఏ400 లాంటి చిన్న హెడ్‌ఫోన్ ఆంప్‌లోకి ఇవ్వు, నలుగురు వినొచ్చు. కేజెడ్ ఇయర్‌ఫోన్లు, పొడుగు వైరు. మేం ఆ వైరు గిటార్ కేబుల్‌తో కలిపి టేపు చుట్టేశాం.

ఇంకొకటి, ఇది తమాషా కాదు. బేస్ తీగలు పట్టుకుని మైకుకి పెదవి తగిలిస్తే నాకు చురుక్కుమనేది. హాలు వైరింగులో ఎర్త్ లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించాక అదీ పోయింది, గుయ్‌మనే మోత కూడా చాలావరకు పోయింది. మోత పోవాలని ప్లగ్గుకి ఉన్న లావు ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లని చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. మోత పోవాలంటే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు ఉంటుంది, దానికోసమే పెట్టారు.

ప్యాడ్_పిల్లోడు
శుక్రవారం, సాయంత్రం 5:02

అక్కా, కళ్లురిమింది నేను కాదు కదా 😅

ప్యాడ్ వాయించేవాళ్ల తరఫున ఒక మాట. మాకు పుట్టినప్పటినుంచీ ఆంప్ లేదు, వైరు ఒక్కటే. మమ్మల్ని ఎవరూ "ఫీల్ ఉందా బ్రదర్" అని అడగలేదు. గిటారిస్టులకే ఈ గాలి ప్యాంటుకి తగిలే గొడవ.

డల్లాస్_డిలే
శుక్రవారం, రాత్రి 10:30

మా తెలుగు సంఘం ఇక్కడ ఒక అమెరికన్ చర్చి హాల్‌ని మధ్యాహ్నం పూట అద్దెకి తీసుకుంటుంది. వాళ్ల నియమం ఒకటే: స్టేజి మీద ఆంప్ ఉండకూడదు. డ్రమ్స్ కూడా ప్లెక్సిగ్లాస్ గదిలో. కాబట్టి నాకు ఎంచుకునే అవకాశమే రాలేదు, ఎనిమిదేళ్లుగా మోడలర్లే. ముందు పాత పాడ్, ఇప్పుడు హీలిక్స్ ఎల్‌టీ. ఆ పాడ్ 1998లో వచ్చింది, ఎర్రగా రాజ్మా గింజ ఆకారంలో ఉండేది. ఇవాళ బడ్జెట్ డబ్బాలు ఏవైనా దానికన్నా ఎంతో ముందున్నాయి. అందుకే మోడల్ పేరు గురించి మరీ మథనపడకండి.

వీరుడు గారికి ఒక్క మాట. గాలి తగలడం నిజమే, నేను కాదనను. మొదట్లో ఇన్-ఇయర్స్ (మానిటర్ బదులు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు) పెట్టుకుంటే గాజు సీసాలో కూర్చుని వాయించినట్టు ఉండేది. దానికి నేను కనిపెట్టిన మందు: సంఘం పాడే పాట వినపడేలా హాల్లో ఒక మైకు పెట్టించి, దాన్ని చెవుల్లోకి కొంచెం కలపడం. ఆరాధనలో నాకు కావలసింది నా స్పీకరు గాలి కాదు, వాళ్ల గొంతులని అప్పుడు తెలిసింది.

ఆలస్యం గురించి అడుగుతారేమో. ఒక్కో డిజిటల్ డబ్బా రెండు మూడు మిల్లీసెకన్లు తింటుంది. శబ్దం గాల్లో ఒక మీటరు నడవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మోడలర్ ఆలస్యం ఆంప్‌కి ఒక మీటరు దూరం జరిగి నిలబడినంతే. డిజిటల్ వైర్‌లెస్, మోడలర్, డిజిటల్ మిక్సర్, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు అన్నీ వరసగా కడితేనే వేలికి తేడా తెలుస్తుంది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మాత్రం పెట్టుకోవద్దు, పాట ఒక ఊరు, మీరు ఒక ఊరు.

మీ స్పీకర్లు మోనోయేనా (రెండింట్లోనూ ఒకే సౌండు)? అయితే స్టీరియో డిలేల జోలికి వెళ్లకండి. ఎడమ-మోనో అని రాసి ఉన్న జాకు ఒక్కటే వాడండి.

కాపో_మూడు
ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఈరోజు చిన్న ప్రయోగం చేశా. పక్క ఊరి చర్చిలో స్నేహితుడి దగ్గర జీటీ-1 ఉంటే అడిగి తెచ్చి, ఆరాధనకి గంట ముందు మిక్సర్‌లోకి నేరుగా ఇచ్చా.

ఛీ. డబ్బాలో తేనెటీగ పడ్డట్టుంది. క్లీన్ అయితే గాజు పెంకులు, డ్రైవ్ తొక్కితే మిక్సీలో మినప్పప్పు. మిక్సర్ కుర్రాడు నవ్వి ఫేడర్ దించేశాడు. ఆంప్‌తోనే కానిచ్చా, వీరుడన్న చెప్పినట్టు కుర్చీ మీద వాల్చి, వాల్యూమ్ సగానికి తగ్గించి. అది మాత్రం బాగా పనిచేసింది, నాకు మొదటిసారి నా గిటార్ వినపడింది. మామ్మగారు చెంగు చుట్టుకోలేదు. అయినా వెనక కుర్చీల్లో పెద్దాయన తల ఊపారు, వద్దన్నట్టు.

వీరుడన్నా, మీరు చెప్పిందే నిజమేమో.

ఓరుగల్లు_తీగ
ఆదివారం, మధ్యాహ్నం 2:25

ఆగన్నా ఆగు. గా జీటీ-1ల మెనూ తెరిచి అవుట్‌పుట్ సెలెక్ట్ జూడు. మీ దోస్తు దాన్ని ఆంప్‌ల పెడ్తడా? అయితే అది ఆంప్ కోసం సెట్ అయ్యుంటది. నువ్వు మిక్సర్‌కు ఇస్తున్నవ్ గాబట్టి లైన్/ఫోన్స్ అని మార్చాలె.

గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటినంక దాదాపు పలకది. గా కోత లేకుంట నేరుగా చర్చి స్పీకర్‌కు ఇస్తే ట్వీటర్ (సన్న సౌండ్ పలికే చిన్న స్పీకర్) అంతా బయట వెడ్తది. తేనెటీగ గదే. ఏ మోడలర్ అయినా ఇదే ముచ్చట, క్యాబ్ సిమ్యులేషన్ లేదా ఐఆర్ (అసలు స్పీకర్ పెట్టె సౌండ్ అచ్చు) ఆన్‌ల ఉండాలె. మిక్సర్‌కు పోయేటప్పుడు ఆన్, ఆంప్‌కు పోయేటప్పుడు ఆఫ్. మోడలర్లు బాలేవని అమ్ముకున్నోళ్లల్ల సగంమంది ఈ ఒక్క స్విచ్ దగ్గరనే అమ్ముకున్నరు అని నా అనుమానం.

కాపో_మూడు
ఆదివారం, సాయంత్రం 6:48

అన్నా నీకు దండం. అదే. మార్చగానే గిటార్ గిటార్‌లా పలికింది. ఇంట్లో కూర్చుని మంచి ప్యాచ్ (సేవ్ చేసుకునే సెట్టింగు) ఒకటి చేస్తున్నా, వచ్చే ఆదివారానికి.

సౌండ్_బాబాయ్
ఆదివారం, రాత్రి 8:00

ఇంట్లో చేయకు!

ఫ్లెచర్, మున్సన్ అని ఇద్దరు అమెరికాలో 1933లోనే కొలిచి చూపించారండి: సౌండు తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్, ట్రెబుల్ రెండూ తక్కువ వినపడతాయి. నువ్వు రాత్రి ఇంట్లో, అమ్మానాన్న నిద్రపోయాక, చిన్న సౌండులో ప్యాచ్ చేస్తావ్. బోసిగా ఉందని బేస్ పెంచుతావ్, మెరుపు లేదని ట్రెబుల్ పెంచుతావ్. అదే ప్యాచ్ హాల్లో పెద్ద సౌండులో పెడితే కింద బొంయ్, పైన కీచు. మధ్యలో ఉండాల్సిన గిటార్ కనపడదు. అప్పుడు గిటారిస్టు వచ్చి "బాబాయ్, మీ సౌండు బాలేదు" అంటాడు. ఇరవై ఏళ్లుగా పడుతున్నా ఈ మాట.

శనివారం సాయంత్రం తాళం తీయించుకుని హాల్లో, ఆ స్పీకర్లలోనే, ఆదివారం ఉండే సౌండులోనే ప్యాచ్ చెయ్. ప్యాడూ కీబోర్డూ కూడా ఉంటే ఇంకా మంచిది. ఒంటరిగా బ్రహ్మాండంగా ఉన్న టోన్ జట్టులో మునిగిపోతుంది, జట్టులో బాగున్నది ఒంటరిగా కాస్త పలచగా, ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. కింద 100 హెర్ట్జ్ కోసెయ్, అది బేస్ అక్కలది. పైన 5 నుంచి 6 కిలోహెర్ట్జ్ దగ్గర కోసెయ్. అన్ని ప్యాచ్‌లూ ఒకే లెవెల్‌లో ఉన్నాయో లేదో చూసుకో. క్లీన్ నుంచి డ్రైవ్‌కి తొక్కగానే సౌండు రెట్టింపు అయితే మిక్సర్ కుర్రాడు భయపడి నిన్ను శాశ్వతంగా దించేస్తాడు.

ఇంకోటి. చిన్న మిక్సర్లలో 48 వోల్టుల ఫాంటమ్ బటన్ (కొన్ని మైకులకి వైర్లోంచే కరెంటు పంపేది) అన్ని మైకులకీ కలిపి ఒక్కటే. డబ్బాకీ మిక్సర్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ పెట్టుకుంటే ఆ కరెంటు డబ్బాలోకి వెళ్తుందన్న బెంగ లేదు.

రాత్రి_కూడిక
సోమవారం, ఉదయం 7:40

కొత్త సభ్యుణ్ని, విజయవాడ. మా పక్కింటాయన ఫిర్యాదు చేశాక నేను చదివి తెలుసుకున్న సంగతి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటికి వినపడేలా లౌడ్‌స్పీకర్ వాడకూడదు, మూసిన హాల్లో లోపలివాళ్ల కోసం అయితే వేరే. ఆల్ నైట్ ప్రేయర్లు పెట్టే సంఘాలు ఇది గుర్తుంచుకోవాలి. మేం ఇప్పుడు పది దాటితే స్పీకర్లు ఆపేసి, తలుపులు వేసి, అకూస్టిక్, డోలక్ మీద పాడతాం. నిజం చెప్పాలంటే ఆ రెండు గంటలే బాగుంటున్నాయి.

వాల్వ్_వీరుడు
సోమవారం, ఉదయం 9:15

అందరూ కలిసి తమ్ముణ్ని చెడగొట్టారు. సరే. ఒక ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పండి. పాస్టర్ గారు వాక్యం మధ్యలో ఉన్నట్టుండి ఏ సుతిలో పడితే ఆ సుతిలో పల్లవి ఎత్తుకుంటారు. నా ఆంప్‌కి ప్యాచ్ మార్చే పని లేదు, గిటార్ వాల్యూమ్ తిప్పితే చాలు. మీరు వంగి మెనూలు వెతుక్కునేలోపు చరణం అయిపోతుంది. మీ డిలే టెంపో సంగతేంటి?

డల్లాస్_డిలే
సోమవారం, ఉదయం 10:05

ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే ఇంగ్లిష్ వర్షిప్ వీడియోల్లో క్లిక్ ట్రాక్ (చెవిలో టక్ టక్ మని తాళం చెప్పేది) ఉంటుంది, మనకి చప్పట్లే క్లిక్కు. ప్యాచ్‌లో టెంపో రాసిపెట్టుకుంటే లాభం లేదు, కాలితో తొక్కే ట్యాప్ టెంపో ఉండాలి. డబ్బా ఎంచుకునేటప్పుడు ఒక స్విచ్చు దీనికి మిగులుతుందా లేదా చూడండి. నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. జీటీ-1లో సీటీఎల్ స్విచ్చుకి ఇచ్చుకోవచ్చు.

అందరూ వాడే డాటెడ్ ఎయిత్ అంటే ఒక దెబ్బలో ముప్పావు వంతు. 72 టెంపోకి (నిమిషానికి 72 దెబ్బలు) దెబ్బ 833 మిల్లీసెకన్లు, డిలే 625. నాలుగు దెబ్బల పాటకి అది అమృతం. కానీ మన పాటల్లో సగం ఆరు మాత్రల నడక. అక్కడ ఇదే పెడితే డోలక్ ఒక దారి, డిలే ఒక దారి. వాటికి ట్రిప్లెట్ పెట్టండి, దెబ్బలో మూడో వంతు. దెబ్బ సెకనుకి ఒకటైతే 333. రిపీట్లు రెండుకి మించొద్దు.

గిటార్ వాల్యూమ్ తిప్పడం మోడలర్‌తో కూడా పనిచేస్తుంది వీరుడు గారూ. నేనూ ఒక్క ప్యాచ్ మీదే ఆరాధన అంతా నడిపిస్తా. సుతి సంగతికి కాపోనే (గిటార్ మెడకి బిగించి సుతి మార్చే క్లిప్పు) శరణ్యం, మా తమ్ముడి పేరులోనే ఉంది.

కాపో_మూడు
ఐదు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:30

చెప్పకుండా మాయమైనందుకు క్షమించండి. ఏం జరిగిందంటే, స్నేహితుడు హెచ్‌ఎక్స్ స్టాంప్ మీద మనసు పడి ఆ జీటీ-1 నాకే అమ్మేశాడు. నా బడ్జెట్‌లో సగం కూడా కాలేదు. మిగిలిన డబ్బుతో పాసివ్ డీఐ, హెచ్‌ఏ400, మూడు జతల కేజెడ్ ఇయర్‌ఫోన్లు, వైర్లు. అక్కా, ఎర్త్ చూపించా. ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పి నవ్వాడు. మూడో రంధ్రం వెనక వైరే లేదు, అలంకారానికి పెట్టారు. ఇప్పుడు వేయించాం.

మొదటి ఆదివారం ఘోరం. ఇయర్‌ఫోన్లో నాకు నేను బ్రహ్మాండంగా వినపడ్డా, హాయిగా వాయించా. అయ్యాక వెనక కుర్చీ పెద్దాయన దగ్గరికొచ్చి "ఈరోజు గిటార్ తేలేదా బాబూ?" అన్నారు. మిక్సర్ కుర్రాడు నన్ను పూర్తిగా దించేసి ఫోన్ లైవ్ చూసుకుంటున్నాడు. ఇన్నాళ్లూ నా సౌండు నా చేతిలో ఉండేది, ఇప్పుడు వాడి వేలు కింద ఉంది. ఈ సంగతి ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. తర్వాతి శనివారం వాణ్ని కూడా హాలుకి పిలిచి, టీ, పునుగులు పెట్టించి, గంటసేపు ఒక్కో పాటకి నేను ఎక్కడ ఉండాలో ఇద్దరం కలిసి చూసుకున్నాం. ఫేడర్ పక్కన తెల్ల టేపు మీద గీత గీశాడు. ఆ గీత దాటడు, దిగడు.

పోయిన వారం పాట మధ్యలో కరెంటు పోయింది. ప్యాడ్, కీబోర్డ్, స్పీకర్లు అన్నీ గప్‌చుప్. జీటీ-1 నాలుగు డబుల్-ఏ బ్యాటరీల మీద కూడా నడుస్తుంది కాబట్టి అది వెలుగుతూనే ఉంది, ఎవరికి వినిపించాలో తెలీక. సంఘం ఆగకుండా పాడుతూనే ఉంది. నేను గిటార్ తీసేసి చప్పట్లు కొట్టా.

టోన్ ఏసీ15 అంత బాగుందా అంటే, లేదు. వీరుడన్నా, మీ దగ్గర అబద్ధమాడను. లైవ్‌లో మాత్రం ఇదే బాగుంది, గల్ఫ్‌లో ఉన్న మా పిన్ని ఫోన్ చేసి "గిటార్ ఇప్పుడే కొన్నావా" అంది.

బాపట్ల_బేస్
ఆదివారం రాత్రి 9:41

మామ్మగారి సంగతి చెప్పలేదు తమ్ముడూ.

కాపో_మూడు
ఆదివారం రాత్రి 9:44

చెంగు మామూలుగానే ఉంది అక్కా. ఇప్పుడు ప్యాడ్ ఎక్కువైందంటున్నారు.

ప్యాడ్_పిల్లోడు
ఆదివారం రాత్రి 9:45

😐

వాల్వ్_వీరుడు
ఆదివారం రాత్రి 9:58

తమ్ముడూ ఆ ఏసీ15 ఊరికే పడుంది కదా. ఎంతకిస్తావో ఇన్‌బాక్స్‌లో చెప్పు.

కాపో_మూడు
ఆదివారం రాత్రి 10:03

అమ్మను అన్నా. ఇంట్లో మంచం పక్కన ఉంది. మా అమ్మ దాని మీద కుట్టు మిషన్ గుడ్డ కప్పి పూలకుండీ పెట్టింది, శనివారాలు కుండీ దించి పది నిమిషాలు వాయించుకుంటున్నా.